కాటా ఎక్కిన మా టాటామొబైల్ 206

పాత పికప్ బేరానికి వెళ్ళిన ప్రతివాడూ మొదట అడిగేది "ఎంత లాగుతాది?" అనే. అమ్మేవాడి జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "ఎంతేసినా లాగీస్తాది బాబూ, ఇంజను చూడండి." బానెట్ ఎత్తి చూపిస్తాడు, రేజ్ చేసి చూపిస్తాడు, పొగ రాలేదని చూపిస్తాడు. సరుకు ఎక్కడ పెడితే బండి ఎలా నడుస్తుందో మాత్రం అతను చెప్పడు, మనమూ అడగం.

నేను విజయనగరంలో టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్ళిళ్ళు, గ్రామదేవతల సంబరాలు, దినకార్యాలు, ఎన్నికలొస్తే మీటింగులు. ఏదొచ్చినా నా సామాను మోసేది 1990ల నాటి టాటామొబైల్ 206. కొబ్బరికాయలో బియ్యం బస్తాలో వేసుకునేవాళ్ళకి బండి గుణం ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే సరుకెప్పుడూ ఒకే రకం. నాకలా కుదరదు. ఒకరోజు జనరేటర్, ఇంకోరోజు పందిరి గొట్టాలు, మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీలు. బరువు అంతే ఉన్నా బండి మాత్రం పూటకో రకంగా ప్రవర్తిస్తుంది. అందుకే ఈ రివ్యూలో మైలేజీ గురించి, సీట్ల గురించి పెద్దగా రాయను. లీటరుకి పదకొండు దాకా ఇస్తుంది, సీటు గట్టిగా ఉంటుంది, అంతే. మిగతాదంతా బరువు సంగతే.

బండి తెలియని కుర్రాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది 1988లో వచ్చింది. అప్పటికి కంపెనీ పేరు టెల్కో. టాటా మోటార్స్‌గా మారింది 2003లో. అప్పటిదాకా లారీలకే పేరున్న కంపెనీ చేసిన చిన్న పికప్ ఇది. 1991లో వచ్చిన సియెర్రా, దాని తర్వాత వచ్చిన ఎస్టేట్, రెండూ దీని కడుపున పుట్టినవే. బానెట్ కింద 1948 సీసీ డీజిల్ ఇంజను, దాని వెనకే గేర్‌బాక్సు, తిరిగేవి వెనక చక్రాలు. అంటే బరువైన ఇనుమంతా ముందే ఉంది. వెనక ఉన్నది రేకు తొట్టి, ఇరుసు ఉండే హౌసింగ్, బండిని మోసే స్ప్రింగు పట్టీల కమాన్ కట్టలు, స్టెప్నీ.

మా నాన్న రోజుల్లో టెంట్ సామాను అల్విన్ నిస్సాన్‌లో వెళ్ళేది. జహీరాబాద్‌లో తయారైన ఆ బండికి ముక్కు లేదు. డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చునేవాడు, అతని వీపు వెనక నుంచే తొట్టి మొదలయ్యేది. సామానులో చాలా భాగం రెండు ఇరుసుల మధ్య పడేది. బానెట్ ఉన్న పికప్‌లో ఆ సుఖం లేదు. బానెట్, క్యాబిన్ కలిసి సగం పొడుగు తీసుకున్నాక మిగిలిన తొట్టి వెనక ఇరుసు నెత్తిన కూర్చుంటుంది. ఇది టాటామొబైల్ ఒక్కదాని లక్షణం కాదు. 1968లో మొదలైన టొయోటా హైలక్స్, ఆ రోజుల డాట్సన్, 1972లో అమెరికాలో షెవ్రోలే లవ్ పేరుతో అమ్మిన ఇసుజు, ఫోర్డ్ కొరియర్ పేరుతో అమ్మిన మాజ్దా, అన్నిటిదీ ఇదే నిర్మాణం. సోంపేట వైపు మా పెద్దమ్మ కొడుకు గల్ఫ్‌లో చాలాకాలం పాత హైలక్స్ తోలాడు. నా బండి తోలి చూసి, "ఇది అదేరా తమ్ముడూ, ఖాళీగా ఉంటే ఎగురుతాది, నింపితే నిద్దరోతాది" అన్నాడు.

ఇక కాటా సంగతి. కొత్తవలస రోడ్డులో లారీలు తూచే కాటా ఒకటుంది. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్ళి, మొదట బండి మొత్తం, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి విడివిడిగా తూయించాను. కాటా కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటి సారూ, సగం బండికి తూకమేటి? మిగతా సగం అమ్మీసినారా?" అన్నాడు. మూడు తూకాలకి మూడు చీటీల డబ్బులు తీసుకున్నాడు, న్యాయమే. ఇలా తూయించేటప్పుడు ఇంజను ఆపాలి, గేరులో ఉండకూడదు, హ్యాండ్‌బ్రేక్ వదిలెయ్యాలి, డ్రైవరు దిగిపోవాలి. కాటాకి అటూ ఇటూ నేల కూడా కాటాతో సమంగా ఉండాలి, లేకపోతే పల్లంలో ఉన్న ఇరుసు వైపు లెక్క మొగ్గుతుంది. పది కిలోల తేడా వచ్చిందంటే కంగారు పడక్కర్లేదు, అలాంటి కాటాలు చూపించేదే పదేసి కిలోల మెట్టులో.

ఖాళీ బండి, సగం ట్యాంకు డీజిల్‌తో: మొత్తం 1,640 కిలోలు. ముందు 940, వెనక 710. నూటికి యాభై ఏడు ముందు, నలభై మూడు వెనక. డ్రైవరూ పక్కన ఇంకొకడూ ఎక్కితే ముందు వైపు ఇంకాస్త పెరుగుతుంది.

ఈ అంకెలు కాగితం మీద పెద్ద విశేషంగా కనిపించవు. కానీ ఖాళీ బండిని వర్షాకాలంలో నెల్లిమర్ల వైపు పొలంలో వేసిన పందిరి దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. బండిని తొయ్యాల్సినవి వెనక చక్రాలు, వాటి మీద ఉన్న బరువు ఒక్కోదానికి మూడొందల యాభై కిలోలు. తడిసిన రేగడి మీద అవి అక్కడే తిరుగుతాయి. మంచు దేశాల్లో పికప్పులవాళ్ళు చలికాలం తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుని తిరిగేది ఇందుకే. మేము నీళ్ళు నింపిన డ్రమ్ము పెడతాం. అయితే దాన్ని డాలా (తొట్టి వెనక తలుపు) దగ్గర పెట్టకూడదు. సరిగ్గా వెనక చక్రాల మీదుగా, వీలైతే ఒక జానెడు ముందుకి, తాడేసి కట్టాలి. కట్టని బస్తా గట్టిగా బ్రేక్ కొట్టిన రోజున క్యాబిన్ వెనక అద్దంలోంచి వస్తుంది.

ఖాళీ బండితో ఇంకో పేచీ బ్రేకు. బ్రేకు వేసినప్పుడు ఏ బండి బరువైనా ముందుకి ఒరుగుతుంది. నా బండి ఎత్తు, పొడుగు, తూకం పట్టుకుని లెక్క వేస్తే, పొడి రోడ్డు మీద గట్టి బ్రేకుకి వెనక ఇరుసు మీంచి సుమారు రెండొందల కిలోలు ముందుకి పోతాయి. ఉన్నదే ఏడొందలు, అందులో రెండొందలు పోతే వెనక టైర్లకి పట్టు ఎక్కడిది? అవి ముందుగా బిగుసుకుపోతాయి, తోక పక్కకి జారుతుంది. దీనికోసమే చాలా పికప్పుల్లో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీ, దానికో వాల్వు పెడతారు. లోడు పడి తొట్టి దిగితే వెనక బ్రేకుకి ప్రెషర్ ఎక్కువ వదులుతుంది, ఖాళీగా పైకి లేచి ఉంటే తగ్గిస్తుంది. పాత బండ్లలో ఆ కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుపోవడమో, ఎవరో మెకానిక్ "ఇదెందుకు" అని తీసెయ్యడమో మామూలు. ఏ కంపెనీ పాత పికప్ చూడటానికి వెళ్ళినా వెనక హౌసింగ్ దగ్గర వంగి అలాంటి కడ్డీ ఉందా, ఉంటే కదులుతోందా అన్నది చూడండి. పెయింట్ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు లోడు. డిప్లొమా మధ్యలో వదిలేసినవాణ్ణే అయినా మూమెంట్ల లెక్క (బరువుని దూరంతో గుణించి చూసేది) మాత్రం నాకు ఇంకా గుర్తుంది, ఇక్కడ కావాల్సిందీ అంతే. నా బండి ఇరుసుల మధ్య దూరం తొమ్మిది అడుగుల పైచిలుకు. సరుకు బరువు మధ్యస్థానం వెనక ఇరుసుకి మూడడుగులు ముందుంటే, ఆ సరుకులో మూడో వంతు ముందు చక్రాల మీదికి పోతుంది. సరిగ్గా ఇరుసు మీదుంటే మొత్తం వెనకే పడుతుంది. ఇరుసు దాటి అడుగు వెనక్కి పోయిందా, ఆ సరుకంతా వెనక పడటమే కాక, దాని బరువులో తొమ్మిదో వంతు ముందు చక్రాల మీంచి లేపేసి అదీ వెనకే వేస్తుంది. మా ఊరివాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కోటకీ గుడికీ మధ్య తిరుగుతుంటే చూస్తూనే ఉంటాం. చింతమాను మొదలు బరువుతో కిందికుంటుంది, కొస మీద పూజారి ఆకాశంలో ఉంటాడు. వెనక ఇరుసు దాటించి సరుకేసిన పికప్పుదీ అదే కథ. పైకి లేచే కొస మీద ఉన్నది మన స్టీరింగ్ చక్రాలు, తేడా అంతే.

మా పాత 7.5 కేవీఏ జనరేటర్ 420 కిలోలుంటుంది. పొడుగు నాలుగడుగులు. దాన్ని ఎక్కించే కుర్రాళ్ళకి అది డాలా దగ్గరే ఉంటే హాయి, దింపేటప్పుడు లోపల్నుంచి ఈడ్చుకురానక్కర్లేదు. అలా డాలా దగ్గర పెట్టించి తూయించాను: ముందు 900, వెనక 1,160. అదే జనరేటర్‌ని క్యాబిన్ గోడకి ఆనించి పెట్టించాను: ముందు 1,070, వెనక 1,000. మొత్తం బరువు అటూ ఇటూ ఒకటే. స్టీరింగ్ చక్రాల మీద మాత్రం 170 కిలోల తేడా! మొదటి పద్ధతిలో ఖాళీ బండి కన్నా కూడా ముందు భాగం తేలికైపోయింది, నాలుగొందల కిలోల సరుకు ఎక్కించాక. మా డ్రైవరు ఈ చీటీలు చూసి, "అందుకేటండీ, ఆ రోజు రింగురోడ్డు మలుపులో బండి నా మాట ఇన్లేదు" అన్నాడు. ఇప్పుడు జనరేటర్ కింద నాలుగు ఇనుప పైపు ముక్కలు వేసి లోపలికి దొర్లిస్తున్నారు, కష్టం సగానికి తగ్గింది. క్యాబిన్‌కి ఆనించాక రెండు వైపులా రాట్‌చెట్ బెల్టు బిగించడం తప్పనిసరి.

క్యాబిన్‌కి ఆనించిన జనరేటర్‌తో ఈ బండిని ఒకసారి తోలి చూడాలి. ముందూ వెనకా దాదాపు సమానం. గుంటలో పడితే నాలుగు చక్రాలూ కలిసి దిగి కలిసి లేస్తాయి. స్టీరింగ్ బరువుగా ఉంటుంది, పవర్ స్టీరింగ్ లేదు కదా, మూడు లాంతర్ల సెంటర్లో రివర్స్ కొట్టాలంటే భుజాలు పడిపోతాయి. కానీ రోడ్డెక్కాక తిప్పినంతే తిరుగుతుంది, వదిలితే నిటారుగా వెళ్తుంది. టాటామొబైల్ మంచి బండి అని నేను ఎవరితోనైనా అంటే, అది ఈ లోడుతో నడిచే టాటామొబైల్ గురించి.

పందిరి గొట్టాలది వేరే భాగవతం. పన్నెండడుగుల ఇనుప గొట్టాలు, ఒక పూర్తి పందిరికి ఏడొందల కిలోల దాకా అవుతాయి. తొట్టి పొడుగు ఏడున్నర అడుగులు. క్యాబిన్‌కి ఆనించి పడుకోబెడితే నాలుగున్నర అడుగులు బయటికి వేలాడతాయి, గొట్టాల నడిమధ్య వెనక ఇరుసుకి అడుగుం పావు వెనక్కి పోతుంది. కాటా చీటీ: ముందు 850, వెనక 1,500. నూటికి ముప్ఫై ఆరు మాత్రమే స్టీరింగ్ వైపు. ఖాళీ బండిలో యాభై ఏడు ఉన్నది ఇక్కడికి దిగింది. ఈ అవతారంలో బండికి వచ్చే లక్షణాలు చెప్తాను, మీ బండిలో కనిపిస్తే గుర్తుపట్టొచ్చు. స్టీరింగ్ అనుమానం వచ్చేంత తేలికవుతుంది. మలుపు తిప్పాక ముక్కు ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. అరవై దాటితే తోక సన్నగా ఊగడం మొదలవుతుంది. రాత్రి పూట డిమ్‌లో వెళ్తున్నా ఎదుటివాళ్ళు హెడ్‌లైట్లు కొట్టి తిడతారు, ఎందుకంటే తోక దిగి ముక్కు లేచాక మన లైట్లు వాళ్ళ కళ్ళలోకి కొడుతున్నాయి.

ఈ లోడుతో గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వరకూ సర్దుకుపోవచ్చు, రోడ్డు చదును. ఆ పైన సుంకి ఘాట్ మొదలయ్యాక అసలు పరీక్ష. ఎక్కుడులో బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది, ముందున్న 850లోంచి మరో యాభై తగ్గుతుంది. హెయిర్‌పిన్ మలుపులో ఫస్ట్ గేరులో స్టీరింగ్ పూర్తిగా కొడితే ముందు టైర్లు తిరిగినా బండి తిన్నగా పోవాలని చూస్తుంది. అవతల కొరాపుట్ నుంచి దిగే లారీ ఉంటే టెన్షన్ ఇంతా అంతా కాదు. నేను ఇప్పుడు ఆ ఘాట్‌కి గొట్టాలు ఈ బండిలో పంపను. పెద్ద బండి అద్దెకి మాట్లాడతాను.

పరిష్కారం లేదా అంటే ఉంది, దానికో ఖరీదూ ఉంది. క్యాబిన్ పైన స్టాండు కట్టించి గొట్టాలు దాని మీదికి ఏటవాలుగా జరిపితే నడిమధ్య ఇరుసుకి ముందుకి వస్తుంది. అలా తూయిస్తే ముందు 1,040, వెనక 1,300. కాటా మీద చక్కగా ఉంది. కానీ ఏడొందల కిలోల ఇనుము తలకన్నా ఎత్తుకి పోయింది. మలుపుల్లో బండి ఒరుగుడు ఎక్కువైంది, రైల్వే గేటు దగ్గర పట్టాల మీద కుదుపుకి గొట్టాలు ఒక్కసారిగా మూలిగాయి. అందుకని మధ్యేమార్గం పట్టాను. గొట్టాల్లో సగం స్టాండు మీద, సగం కింద. తొట్టిలో క్యాబిన్‌కి ఆనించి బరువైన గుండిగలు, గాడిపొయ్యి ఇనుము, పందిరి కింద బిగించే దిమ్మలు. చిన్న దిమ్మ క్యాబిన్ దగ్గర చేసే మేలు ఎక్కువ. కొత్తగా చేయించిన గొట్టాలు మాత్రం ఎనిమిదడుగులవే, మధ్యలో స్లీవు పెట్టి కలిపేవి. డబ్బు ఖర్చయినా బండి బాగుపడింది.

వెనక వేలాడే సరుకుకి చట్టం కూడా ఒకటుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో బాడీ దాటి బయటికి వచ్చిన లోడుకి 20,000 రూపాయలు, ఓవర్‌లోడుకి 20,000, పైన అదనపు టన్నుకి 2,000. ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం అనుమతి బరువు రెండూ ఉంటాయి. రెండోదాంట్లోంచి కాటా చూపించిన ఖాళీ బరువు తీసెయ్యండి. ఆర్‌సీలో రాసిన ఖాళీ బరువు కాదు, కాటా చూపించిందే. ఆ తేడాలోంచే డ్రైవరు, కుర్రాళ్ళు, సరుకు అందరూ సర్దుకోవాలి.

ఎందుకంటే పాత పికప్ ఏదీ పుట్టినప్పటి బరువుతో ఉండదు. నేను కొన్నప్పుడు ఈ బండి 1,750 తూగింది. నా ముందు ఓనరు ఎక్కడో తొట్టి అడుగున గీతల రేకు దళసరిది వేయించాడు, డాలాకి ఇనుప చట్రం బిగించాడు, వెనక లారీకి పెట్టే బంపరొకటి వెల్డింగ్ చేయించాడు. ఆ వెల్డింగ్ చేసిన మహానుభావుడు ఎవరో గానీ ఛాసిస్ మీదికి కూడా రాడ్డు ఆనించాడు. ఇవన్నీ తీయించాక 1,640కి వచ్చింది, పోయిన 110 కిలోలూ వెనకవే. ఖాళీగా నడపటానికి ఆ చెత్త ఇనుమే బాగుందని మా డ్రైవరు ఇప్పటికీ అంటాడు, వెనక ఎగరడం తక్కువగా ఉండేదిట. అతని మాటలో నిజం లేకపోలేదు. కానీ ప్రతి లోడులోనూ 110 కిలోల సరుకు బదులు ఆ ఇనుమే ఊరంతా తిప్పడం నాకు గిట్టలేదు. ఖాళీగా ఎగరకుండా ఉండటానికి నీళ్ళ డ్రమ్ము ఉంది, కావాలంటే పారబోసుకోవచ్చు.

అదే పాత ఓనరు చేయించిన ఇంకో ఘనకార్యం కమాన్ కట్టలకి అటు రెండు, ఇటు రెండు అదనపు పట్టీలు. ఇది మన దగ్గర అందరూ చేసేదే. బండి దిగకపోతే లోడు ఆగినట్టే అని నమ్మకం. పట్టీలు ఎన్ని వేసినా ఇరుసు అదే, హబ్బు బేరింగులు అవే, బ్రేకు డ్రమ్ములు అవే, టైర్లు అవే. ముందూ వెనకా పడే బరువు కూడా మారదు. మారేదొక్కటే: బండి దిగదు కాబట్టి ఎక్కువ వేశామని మనకి కనిపించదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ పట్టీలు వంగవు, వెనక చక్రం గుంటలోంచి ఎగిరి నేల వదిలి మళ్ళీ పడుతుంది. తేలికైన వెనక ఇరుసుకి ఇది ఇంకో శిక్ష.

వాటిని తీయించడానికి విజయనగరంలోనే ఒక షాపుకి వెళ్తే, "పట్టీ తీస్తే బండి కూర్చుంటాది గురూ, రేపు మళ్ళీ నా దగ్గరికే వస్తావు" అని పంపేశాడు. అప్పుడు సాలూరు వెళ్ళాను. జిల్లాలు విడిపోయాక సాలూరు పార్వతీపురం మన్యంలోకి పోయినా, లారీ పనులకి మా చూపు ఇప్పటికీ అటే. అక్కడి కమాన్ కట్టల మేస్త్రిని గురించి నాలుగు మాటలు రాయకపోతే ఈ రివ్యూ పూర్తవదు. ముసలాయన. మొదట బండి చూడలేదు, నన్ను చూశాడు. "ఏటి సరుకు ఎక్కిస్తావు బాబూ? రోజూ ఎంత ఉంటాది?" అని అడిగాడు. కాటా చీటీలు చూపిస్తే కళ్ళజోడు తగిలించుకుని ఒక్కోటీ చదివాడు. ఖాళీ బండికి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపు పెట్టి కొలిచాడు. ఎడమ వైపు ముప్పావు అంగుళం దిగి ఉందని అప్పుడే తెలిసింది.

అదనపు పట్టీలు నాలుగూ తీసేశాడు. విరిగిన చిన్న పట్టీ ఒకటి మార్చాడు, అలిసిపోయిన మెయిన్ పట్టీలకి మళ్ళీ వంపు తెప్పించాడు, పట్టీల మధ్య గ్రీజు పూశాడు, సెంటర్ బోల్టులు, షాకిల్ బుష్షులు కొత్తవి వేశాడు. యూ-బోల్టులు బిగించి, "లోడుతో కొంచెం తిరిగాక మళ్ళీ బిగించుకో, లేకపోతే సెంటర్ బోల్టు కోసేస్తాది" అని చెప్పాడు. తన దగ్గరికే రమ్మనలేదు, ఎక్కడైనా బిగించుకోమన్నాడు. చేతికి చీటీ రాసివ్వలేదు, బిల్లంటే నవ్వాడు, ఆ ఒక్కటే లోపం. పూర్తి లోడుతో ఇప్పుడు బండి రెండంగుళాల పైన దిగుతుంది, దిగాల్సిందే. అంతకన్నా దిగితే మా కుర్రాళ్ళే ఎక్కించడం ఆపేస్తున్నారు.

టైర్ల మాట. గొట్టాల లోడులో వెనక 1,500 అంటే ఒక్కో టైరు మీద 750. టైరు గోడ మీద సైజు తర్వాత ఉండే అంకె చూడండి. 97 అంటే ఆ టైరు మోయగలిగేది 730 కిలోలు, 100 అంటే 800, 104 అంటే 900. అదీ కంపెనీ చెప్పిన పూర్తి గాలి ఉంటేనే. కారు టైర్లు చవకగా దొరికాయని పికప్ వెనక వేసేవాళ్ళని చూస్తూనే ఉన్నాను. నా బండికి వెనక 104వి వేయించాను. ఖాళీగా తిరిగే రోజుల్లో వెనక గాలి కొంత తగ్గిస్తే ఎగురుడూ తగ్గుతుంది, లోడు రోజున మళ్ళీ ఎక్కించుకోవాలి. ఈ పని బద్ధకించే డ్రైవరు ఉంటే గాలి జోలికి పోకుండా ఉండటమే మేలు.

కుర్చీల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎంత ఎత్తు పేర్చినా బరువు తక్కువే, నాతవలస దగ్గర హైవే ఎక్కినప్పుడు గాలికి మాత్రం భయపడాలి.

ఇప్పుడెవరైనా టాటామొబైల్ కొనాలా అంటే, టెంట్ హౌస్, జనరేటర్ల అద్దె, వెల్డింగ్ షాపు లాంటి వాళ్ళకి, అంటే సరుకు బరువుగా, పొట్టిగా ఉండేవాళ్ళకి కొనమనే చెప్తాను. క్యాబిన్‌కి ఆనించి కట్టగలిగే సరుకైతే ఈ వయసు బండ్లలో ఇంత నిలకడగా నడిచేది నేను చూడలేదు. పొడుగు సరుకు, అంటే గొట్టాలు, వెదుళ్ళు, సరుగుడు కర్రలు రోజూ వేసేవాళ్ళు దీని జోలికి పోవద్దు. సందుల్లో కూరగాయలకీ, వాటర్ క్యాన్లకీ 2005లో వచ్చిన టాటా ఏస్ చాలు. 702 సీసీ రెండు సిలిండర్ల చిన్న ఇంజను, సీటు కిందే ఉంటుంది, బండి పొడుగుకి తొట్టి ఎక్కువ. కానీ మా జనరేటర్ ఎక్కించి సాలూరు రోడ్డెక్కమంటే దానికి ఆయాసం.

కొనేవాళ్ళు బేరం కుదరకముందే అమ్మేవాణ్ణి బండితో సహా కాటా దగ్గరికి తీసుకెళ్ళండి. ఖాళీ తూకం, ముందూ వెనకా విడిగా. వెనక మరీ ఎక్కువ చూపిస్తే తొట్టి కింద దూరి ఎక్కడెక్కడ ఇనుము అతికించారో చూడండి. కుడి చక్రాలూ ఎడమ చక్రాలూ కూడా విడిగా తూయించగలిగితే ఇంకా మంచిది, కాటా కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి. కమాన్ కట్టల పట్టీలు రెండు వైపులా లెక్కపెట్టండి. ఒక వైపు ఎక్కువుంటే అటు వైపు ఛాసిస్‌కి ఏదైనా జరిగిందేమో చూడండి.

ఇంజను సామాన్లకి మా దగ్గర ఇబ్బంది రాలేదు. బాడీ సామాన్లే వెతుక్కోవాలి, ఇంత పాత బండికి అది మామూలే. నా బండికి ప్రస్తుతం ఎడమ డోరు అద్దం రబ్బరు, వెనక డాలా కుడి కొక్కెం కావాలి. శ్రీకాకుళం, విజయనగరం పాత సామాన్ల షాపుల్లో ఎవరికైనా కనిపిస్తే కింద రాయండి, వచ్చి తీసుకెళ్తాను.